రుమాలె చెన్నబసవయ్య గారి తోట బొమ్మలు: చూసినవాళ్ళు రండి, మాట్లాడుకుందాం

నీటిరంగులు (మల్లేశ్వరం)
ఆదివారం, రాత్రి 9:40

బెంగళూరులో ఇప్పుడు నడుస్తున్న రుమాలె చెన్నబసవయ్య గారి తోట బొమ్మల ప్రదర్శన చూసొచ్చాను. మ్యూజియం అడ్రసు, టైమింగులు పైన పిన్ చేసిన పోస్టులో ఉన్నాయి, అవి మళ్ళీ రాయను. ఇక్కడ బొమ్మల గురించే మాట్లాడుకుందాం.

మన తెలుగువాళ్ళలో చాలామందికి ఈ కన్నడ చిత్రకారుడి పేరు కొత్త. 1910లో దొడ్డబళ్ళాపురంలో పుట్టారు. కుర్రతనంలోనే స్వాతంత్ర్య పోరాటంలోకి దూకి జైలుకెళ్ళారు. తర్వాత ‘తాయినాడు’ పత్రికకి సంపాదకులయ్యారు, శాసన మండలిలో కూర్చున్నారు. అలాంటి మనిషి 1960ల మొదట్లో రాజకీయాలకి దణ్ణం పెట్టేసి కుంచె పట్టుకున్నారు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు, ఊళ్ళో ఎక్కడ చెట్టు పూస్తే అక్కడ. 1988లో పోయేదాకా అదే పని.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఈ బొమ్మల్లో కళ్ళు పూల గుత్తుల దగ్గరే ఆగిపోతాయి. దయచేసి కిందికి రండి, నేల చూడండి. ఒక జకరండా బొమ్మలో చెట్టు మీది ఊదా రంగంతా ఒకే మందంలో ఉంది. చెట్టు కింద మాత్రం ఊదా, నీలం, లేత గులాబీ, ఎర్రమట్టి రంగు పక్కపక్కనే పొట్టి పొట్టి కుంచె దెబ్బలతో వేశారు, ఒకదాంట్లో ఒకటి కలపలేదు. మూతి ఆనించి చూస్తే రంగు ముద్దలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే, నీడలో కొన్ని పూలు, ఎండలో కొన్ని పూలు! నేను అక్కడే నిలబడిపోయాను.

చూసినవాళ్ళు మీకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో రాయండి. నచ్చకపోయినా రాయండి.

హరి_హెచ్‌ఎస్‌ఆర్
ఆదివారం, రాత్రి 10:25

అక్కా, నేనూ చూశాను. అందంగా ఉన్నాయి, కాదనను. కానీ రెండో గదికి వచ్చేసరికి అన్నీ ఒకేలా అనిపించాయి. ఒక చెట్టు, నిండా పూలు, కింద దారి, వెనకాల ఆకాశం. వీటిని బ్యాంకు వాళ్ళిచ్చే క్యాలెండర్‌లో వేసినా ఎవరూ తేడా పట్టరు.

ఆయన బతికిన కాలం ఎలాంటిది? జైళ్ళు, దేశ విభజన, ఎమర్జెన్సీ. పెన్షనర్ల ఊరు కాస్తా ఫ్యాక్టరీల ఊరైంది. ఇవన్నీ కళ్ళారా చూసిన మనిషి బొమ్మల్లో వీటి జాడ ఒక్కటీ లేదు. మనుషులే లేరు, ఉన్నా దూరంగా చుక్కల్లా ఉన్నారు. అందమైనదాన్ని అందంగా వేస్తే సరిపోతుందా? ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను.

బసవనగుడి_భాను
ఆదివారం, రాత్రి 10:50

జైలు చూసొచ్చిన మనిషి చెట్టు ముందు కూర్చోవాలనుకోవడంలో నాకేం వింత కనపడలేదు హరీ.

మొక్కలమాస్టారు
సోమవారం, ఉదయం 6:15

హరి గారూ, నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. హిందూపురం నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డాను. కాబట్టి చెట్ల వైపు నుంచి చెప్తాను. మీకు అన్నీ ఒకేలా కనిపించిన ఆ గదిలో నాకు నెలలు కనిపించాయి.

గులాబీ రంగు టబెబుయా బెంగళూరులో చలికాలంలో మొదలవుతుంది. పసుపు టబెబుయా ఫిబ్రవరి, మార్చి. అదే సమయానికి జకరండా అందుకుంటుంది. ఏప్రిల్ దాటాక తురాయి, రేల, పెల్టోఫోరం. వానలు తగ్గాక ఆకాశమల్లి. అంటే బొమ్మ కింద తేదీ లేకపోయినా ఏ చెట్టు పూసిందో చూసి నెల చెప్పొచ్చు. ఇంకొంచెం లోతుకి వెళ్తే, ఆ నెలలో మొదటి వారాలా చివరి వారాలా అన్నదీ తెలుస్తుంది. జకరండా ముందు ఆకు రాల్చి, ఉత్త కొమ్మల మీద పూస్తుంది. పూత వెనకబడే వేళకి చిగురు వస్తుంది. ఆయన ఒక బొమ్మలో ఊదా గుత్తుల మధ్య లేతాకుపచ్చ గీతలు పెట్టారు. అది పూత చివరి రోజుల చెట్టు. ఊహించి వేసేవాడికి ఆ ఆకుపచ్చ తట్టదు, చెట్టు ముందు కూర్చున్నవాడికే కనపడుతుంది.

నీటిరంగులు గారు నేల చూడమన్నారు, చాలా మంచి మాట. జకరండా పువ్వు గొట్టంలా ఉంటుంది, రాలితే మొత్తంగా రాలుతుంది, కింద పడ్డాక కూడా కాసేపు పువ్వులాగే ఉంటుంది. తురాయి పువ్వు రేకులు విడివిడిగానూ రాల్తాయి. అయిదు రేకుల్లో ఒకదాని మీద తెల్లటి, పసుపు చారలుంటాయి, మిగతా నాలుగూ ఎరుపు. అందుకే జకరండా కింది నేలా, తురాయి కింది నేలా ఒకేలా ఉండవు. ఈసారి ఆ రెండు బొమ్మలూ ఎదురెదురుగా పెట్టి చూడండి. తురాయి కింద కుంచె దెబ్బలు చిన్నవి, చెదురుమదురుగా ఉన్నాయి. జకరండా కింద పెద్దవి, ఒత్తుగా ఉన్నాయి.

ఇక అసలు సంగతి. ఈ ఊళ్ళో చెట్లు ఇలా వంతులవారీగా పూయడం దానంతటది జరిగింది కాదు. గుస్తావ్ హెర్మన్ క్రుంబిగల్ అని ఒక జర్మన్ ఉద్యానవేత్త. 1865లో పుట్టి, లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, బరోడా మీదుగా 1908లో మైసూరు సంస్థానానికి వచ్చాడు. ఒక చెట్టు పూత అయిపోయే వేళకి ఇంకో జాతి అందుకునేలా వీధులకి చెట్లు ఎంచి నాటించాలన్నది ఆయన ఆలోచన. 1956లో ఈ ఊళ్ళోనే పోయాడు. నాటిన చెట్లు ఎదిగి నిండుగా పూసే వేళకి రుమాలె గారు కుంచె పట్టుకొచ్చారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టకుండా ఈ బొమ్మల గురించి మాట్లాడలేం.

కాన్వాసు
సోమవారం, ఉదయం 9:30

మాస్టారూ, ఈ పోస్టు సేవ్ చేసుకున్నాను.

హరీ, నేను ప్రదర్శనలకి బొమ్మలు ఫ్రేము కట్టి తగిలించే పనిలో ఉన్నాను. రోజూ బొమ్మలని వెనక వైపు నుంచి కూడా చూస్తాను. తైలవర్ణంతో ఆరుబయట బొమ్మ వేయడం ఎంత కష్టమో చెప్తాను. రంగు ఆరడానికి రోజులు పడుతుంది. తడి కాన్వాసుని దుమ్ము పడకుండా, చెయ్యి తగలకుండా ఇంటికి తెచ్చుకోవాలి. ఎండ గంటకోలా ఉంటుంది, నీడ జరిగిపోతుంది. కాబట్టి మర్నాడు అదే వేళకి వెళ్ళి కూర్చోవాలి. ఈలోపు గాలివాన వస్తే పూలన్నీ నేలపాలు. అసలు 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ మూత బిగించే రేకు ట్యూబులో రంగు పెట్టే పద్ధతి కనిపెట్టాకే, తైలవర్ణాలు సంచిలో వేసుకుని తోటలోకి వెళ్ళడం సులువైంది. అంతకుముందు పంది మూత్రాశయంతో చేసిన తిత్తుల్లో రంగు పోసి మూతి కట్టేవాళ్ళు.

క్యాలెండర్ బొమ్మ వేసేవాడు ఫోటో చూసి వేస్తాడు, పువ్వు పువ్వుకీ అంచు గీస్తాడు. ఇక్కడ అంచులే లేవు. పక్కనుంచి చూడండి, గోడకి దగ్గరగా తల ఆనించి. కాన్వాసు మీద రంగు గట్లు గట్లుగా లేచి ఉంటుంది. పువ్వు ఎండలో ఉన్నచోట రంగు మందంగా, నీడలో ఉన్నచోట పల్చగా. గది లైటు ఆ గట్ల మీద పడి నిజంగానే మెరుస్తుంది. ఇది ఫోన్ ఫోటోలో రాదు, అచ్చులో అసలే రాదు.

హరి_హెచ్‌ఎస్‌ఆర్
సోమవారం, మధ్యాహ్నం 1:10

మాస్టారు చెప్పిన నెలల సంగతి బాగుంది, నాకు కొత్త. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. చెట్టు ఏ నెలలో పూసిందో కచ్చితంగా చూపించడం వృక్షశాస్త్రానికి పనికొస్తుంది. కష్టపడి వేశారన్నది కూడా నిజమే. బొమ్మ గొప్పదవడానికి అవి చాలవు కదా. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనె తోట బొమ్మలు చూస్తే నీళ్ళు ఎక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు, చూసేవాడి కాళ్ళ కింద నేల కదుల్తుంది. ఇక్కడ నేల గట్టిగానే ఉంది.

నీటిరంగులు
సోమవారం, రాత్రి 8:05

మోనె పేరు తెచ్చావు కాబట్టి అక్కడే మొదలుపెడదాం హరీ, ఈ పోలిక నాకు చాలా ఇష్టం.

మోనె 1883లో జివెర్నీ అనే పల్లెకి మారాడు. 1893లో పక్కన నేల కొని చెరువు తవ్వించాడు, దాని మీద జపాన్ తరహా వంతెన కట్టించాడు. కలువలు తెప్పించాడు. పడవలో తిరుగుతూ కలువాకులు శుభ్రం చేసే పని ఒక తోటమాలికి అప్పజెప్పాడు. దారి దుమ్ము ఆకుల మీద పడుతోందని తన డబ్బుతో రోడ్డుకి తారు వేయించాడు. ముందు బొమ్మకి కావాల్సిన తోట తయారుచేసుకుని, ఆ తర్వాత దాన్ని వేశాడు. కలువల బొమ్మలే 250 దాకా ఉన్నాయి. కళ్ళకి శుక్లాలు ముదిరిన కాలంలో రంగులు ఎర్రబడి, గోధుమరంగుకి తిరిగాయి. 1923లో ఆపరేషన్ అయింది. నువ్వు చెప్పిన నేల కదలడం ఆ చివరి బొమ్మల్లో ఉంది, ఒప్పుకుంటాను.

రుమాలె గారి తోట ఆయన సొంతం కాదు. ఏ మొక్క ఎక్కడుండాలో చెప్పే అధికారం లేదు. రోడ్డుకి తారు వేయించలేరు. చెట్టు ఎప్పుడు పూస్తే అప్పుడు పరిగెత్తాలి. పార్కులో పిల్లలు ఆడతారు, వేరుశనక్కాయలవాళ్ళు తిరుగుతారు, నలుగురూ వెనక నిలబడి చూస్తారు. మోనె చెరువు ముందు కూర్చుంటే అది ఆయన చెరువు. రుమాలె చెట్టు ముందు కూర్చుంటే అది అందరి చెట్టు. అందుకే ఆయన బొమ్మల్లో దారి తప్పకుండా ఉంటుంది, గమనించావా? బొమ్మ అంచు నుంచి లోపలికి ఒక దారి, ఎవరైనా నడిచి రాగలిగేలా. మనుషులు చుక్కల్లా ఉన్నారన్నావు. ఆ చుక్కలన్నీ దారి మీదే ఉన్నాయి. ఎండలోంచి చెట్టు నీడలోకి వస్తున్నాయి.

స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళిన మనిషి ఆ తర్వాత జనం అందరిదీ అయిన ఒక తోటని పాతికేళ్ళు కూర్చుని వేశాడంటే, రాజకీయాలు ఆ బొమ్మల్లో లేవని నేననుకోను. నేను నమ్మేది ఇది.

తోటపని (కడియం, ప్రస్తుతం సర్జాపుర)
సోమవారం, రాత్రి 9:20

నమస్తే అండి. మాది కడియం, నర్సరీల ఊరు. ఇక్కడ లేఅవుట్లకి, విల్లాలకి మొక్కలు తెచ్చి తోటలు వేసే పని చేస్తున్నాను. మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టుకని వెళ్తే నేనూ తోడు వెళ్ళాను.

మనుషులు లేరని హరి గారు రాశారు. నాకు బొమ్మ బొమ్మలోనూ మనిషి చెయ్యి కనిపించిందండి. దారి పక్క చెట్టు చూడండి, మొదలు నుంచి మనిషెత్తు పైదాకా కొమ్మ ఉండదు. చెట్టు తనంతట తాను అలా పెరగదు. చిన్నప్పటి నుంచి కింది కొమ్మలు ఏటా కోసుకుంటూ వస్తేనే నడిచేవాళ్ళ తలకి తగలకుండా పైకెళ్ళి గొడుగు పడుతుంది. కొమ్మ కోసేటప్పుడు మొదలుకి మరీ దగ్గరగా కోస్తే గాయం మానదు, దూరంగా వదిలేస్తే మొద్దు మిగిలి కుళ్ళు పడుతుంది. ఒక బొమ్మలో చెట్టు మొదలు మీద గుండ్రంగా మూసుకుపోయిన మచ్చ వేశారు. ఎవరో పని తెలిసినవాడు కోసిన కొమ్మ అది. మా అమ్మాయికి చూపించాను. ఇంకో బొమ్మలో చెట్టు చుట్టూ పాదు, పాదులో తడి మట్టి. అంటే ఆ పొద్దున్నే ఎవరో నీళ్ళు పెట్టి వెళ్ళారు. ఆరిన మట్టికి ఒక రంగు, తడి మట్టికి ఇంకో రంగు వేశారు ఆయన.

ఇప్పుడు క్లయింట్లు సంవత్సరం పొడుగునా పూలు కావాలంటారు, అదీ వచ్చే నెలకల్లా. పెద్ద చెట్లు వేళ్ళ చుట్టూ మట్టి గడ్డ చెదరకుండా గోనెపట్టా చుట్టి లారీలో తెస్తాం. కొన్ని బతుకుతాయి. ఊరంతటికీ, అదీ యాభై ఏళ్ళ తర్వాత పూయడానికి, మొక్క నాటించిన ఆ క్రుంబిగల్ గారి ఓపిక వేరు.

మొక్కలమాస్టారు
సోమవారం, రాత్రి 9:45

తోటపని గారూ, కోసిన కొమ్మ మచ్చ నేను చూడలేదు. రేపే వెళ్ళి చూస్తాను. ఎక్కడుంది? ఏ గదిలో?

తోటపని
సోమవారం, రాత్రి 9:52

మొదటి గదిలో ఎడమ గోడకండి, చివర్నుంచి రెండోది. నిద్రగన్నేరు చెట్టు అనుకుంటాను, గొడుగు అంత వెడల్పు ఉంది.

బసవనగుడి_భాను
సోమవారం, రాత్రి 10:30

తోటపని గారు తోటమాలుల సంగతి ఎత్తారు, చాలా సంతోషం. మాది నాలుగు తరాలుగా బెంగళూరే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. లాల్‌బాగ్ అంటే మా ఇంటి పెరడు కింద లెక్క. హైదర్ అలీ 1760లో వేయించిన తోట, టిప్పు దేశదేశాల నుంచి విత్తనాలు తెప్పించి పెంచాడు, ఇంగ్లీషువాళ్ళు 1889లో గాజు ఇంటికి పునాది వేశారు అని బోర్డులన్నీ చెప్తాయి. మొక్కకి రోజూ నీళ్ళు పోసినవాళ్ళ పేర్లు ఏ బోర్డు మీదా లేవు. ఈ ఊళ్ళో తోటపనికి పెట్టింది పేరు తిగళులు అనే కులంవాళ్ళు. బెంగళూరు కరగ ఉత్సవం జరిపేది వాళ్ళే. ప్రదర్శనలో గోడల మీది పరిచయ వాక్యాల్లో క్రుంబిగల్ ఉన్నాడు, తిగళుల గురించి ఒక్క వాక్యం లేదు. అక్కడ పెట్టిన అభిప్రాయాల పుస్తకంలో ఈ మాట రాసొచ్చాను. వెళ్ళేవాళ్ళు మీరూ రాయండి, నలుగురు రాస్తే పట్టించుకుంటారు.

మాస్టారూ, ఒక్క అనుమానం. జకరండా దక్షిణ అమెరికాది, తురాయి మడగాస్కర్‌ది, నిద్రగన్నేరు కూడా అమెరికా ఖండానిదే. కానుగ, మోదుగ, రేల లాంటి మన చెట్లని పక్కకి నెట్టి ఇవి నాటారని ఈమధ్య చాలామంది అంటున్నారు. మీరేమంటారు?

మొక్కలమాస్టారు
మంగళవారం, ఉదయం 6:05

భాను గారూ, ఆ విమర్శలో పస ఉంది. వీధికి కానుగ ఎంత మంచిదో చెప్పక్కర్లేదు, నీడ చల్లన, పూలకి తేనెటీగలు ముసురుతాయి. ఇప్పుడు కొత్తగా నాటేవాళ్ళు మన చెట్లకే మొదటి చోటు ఇవ్వాలి. వందేళ్ళుగా ఇక్కడ నిలబడ్డ నిద్రగన్నేరుని మాత్రం పరాయిది అని కొట్టేయనివ్వను. రుమాలె గారు రెండు రకాలూ వేశారు. నిండా పూసిన మోదుగ ఎరుపు, తురాయి ఎరుపు పక్కపక్కన చూడండి. మోదుగలో నారింజ ఛాయ ఎక్కువ, మొగ్గ తొడిమల దగ్గర దాదాపు నలుపు. ఆ నలుపు లేకపోతే ఆ ఎరుపు అంత మండదు.

రాజమండ్రి_రవి
మంగళవారం, ఉదయం 11:00

ఇంత మంచి చర్చ చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఈ ప్రదర్శన చూస్తున్నంతసేపూ నాకు మా రాజమండ్రి చిత్రకారులు దామెర్ల రామారావు గారే గుర్తొచ్చారు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన్ని చేరదీశారు. అడివి బాపిరాజు గారు కూడా కూల్డ్రే శిష్యులే. రామారావు గారికి కూడా మనుషులతో పాటు ప్రకృతి దృశ్యాలంటే ప్రాణం. రాజమండ్రిలో ఆయన పేరిట చిత్రశాల ఉంది, ఇక్కడి తెలుగువాళ్ళు ఊరికెళ్ళినప్పుడు తప్పక చూడండి. ఆయనకి ఇంకో పాతికేళ్ళు ఆయుష్షు ఉండి ఉంటే మన గోదావరి గట్టుకీ ఇలాంటి గదులు నిండేవి. రుమాలె గారు అసలు పని మొదలుపెట్టిందే యాభై దాటాక. ఆ సంగతి తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

నీటిరంగులు గారూ, ఇక్కడ కె. వెంకటప్ప గారి ఊటీ, కొడైకెనాల్ నీటిరంగుల బొమ్మలు ఉన్నాయి కదా. ఇద్దరినీ కలిపి చూడొచ్చా?

నీటిరంగులు
మంగళవారం, రాత్రి 8:30

చూడాలి రవి గారూ. కస్తూర్బా రోడ్డులోని చిత్రశాల ఆయన పేరు మీదే ఉంది. వెంకటప్ప గారు 1886లో పుట్టారు, మైసూరు ఆస్థాన చిత్రకారుల కుటుంబం. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గర నేర్చుకున్నారు. చిత్రం ఏమిటంటే వీళ్ళిద్దరూ ఒకే రాష్ట్రం, కానీ చూపులో ఎక్కడా పొంతన లేదు. వెంకటప్ప గారు పల్చటి రంగు పొర మీద పొర వేసి కొండల మధ్య మంచుని తెస్తారు. కుంచె జాడ ఎక్కడా కనపడనివ్వరు. రుమాలె గారు ప్రతి దెబ్బా కనపడేలా వేస్తారు. నీటిరంగుల్లో కూడా ఆయన చెయ్యి ఆగదు, తెల్ల కాగితాన్ని అక్కడక్కడా వదిలేసి దాన్నే ఎండ చేసేస్తారు. నేను నీటిరంగులే వేస్తాను కాబట్టి ఆ వదిలేసిన తెలుపు దగ్గర చాలాసేపు ఉండిపోయాను. ఎక్కడ వేయకూడదో ముందే తెలియాలి, తర్వాత దిద్దుకోవడానికి ఉండదు.

లక్ష్మి_వైట్‌ఫీల్డ్
మంగళవారం, రాత్రి 9:15

చర్చ మొత్తం చదివాను. మా బాబుకి ఏడేళ్ళు. తీసుకెళ్తే అరగంటకే విసుగొస్తుందేమో అని టెన్షన్. ఇంకోటి, నీటిరంగుల గది చాలా చీకటిగా ఉంటుందని మా కొలీగ్ చెప్పింది. నిజమేనా? డబ్బు మిగుల్చుకోవడానికి అలా చేస్తారా?

కాన్వాసు
మంగళవారం, రాత్రి 9:40

డబ్బు కోసం కాదు లక్ష్మి గారూ. కాగితం మీది నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి. ఒకసారి పోయిన రంగు మళ్ళీ రాదు. అందుకే మ్యూజియాల్లో వాటి మీద 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దరిదాపుల్లోనే వెలుతురు పడనిస్తారు. తైలవర్ణాలకి 150 నుంచి 200 దాకా ఫరవాలేదు. బయట నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా లోపలికి వస్తే చీకటిగానే ఉంటుంది. గదిలో కూర్చోడానికి బల్ల ఉంది, కాసేపు కూర్చోండి, కళ్ళు అలవాటు పడ్డాక రంగులు ఒక్కొక్కటీ బయటికొస్తాయి. ఫ్లాష్ వద్దనేది కూడా ఇందుకే. నీటిరంగుల బొమ్మలు ఒకసారి ప్రదర్శించాక కొంతకాలం చీకట్లో పెట్టి విశ్రాంతి ఇస్తారు, కాబట్టి ఇప్పుడు చూడకపోతే మళ్ళీ ఎప్పుడో.

తోటపని
మంగళవారం, రాత్రి 9:58

బాబుని తీసుకురండి మేడం. ముందు లాల్‌బాగ్‌కి తీసుకెళ్ళి రాలిన పూలు ఏరించండి. ఆ తర్వాత బొమ్మల దగ్గరికి వెళ్ళి, వాడు ఏరిన పువ్వు ఏ బొమ్మలో ఉందో వెతకమనండి. పూలు మాత్రం లోపలికి తీసుకెళ్ళకండి, పురుగు వస్తుందని గేటు దగ్గరే పెట్టేయమంటారు. మా అమ్మాయి ఫోన్‌లో ఫోటోలు తీసుకుని వెళ్ళింది.

హరి_హెచ్‌ఎస్‌ఆర్
బుధవారం, రాత్రి 11:20

ఆఫీసు నుంచి త్వరగా బయటపడి ఈరోజు మళ్ళీ వెళ్ళాను. పక్కనుంచి చూడమన్నారు, చూశాను. కొమ్మ మచ్చ కూడా దొరికింది. మాస్టారు చెప్పిన రెండు నేలల తేడా స్పష్టంగా ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది పూలు లేని బొమ్మ. లాల్‌బాగ్ చెరువు, మబ్బు పట్టిన రోజు. గట్టు మీద చెట్లు ఆకుపచ్చ కూడా కాదు, సీసం రంగులో ఉన్నాయి. నీళ్ళలో వాటి నీడ చెట్లకన్నా ముదురుగా ఉంది. ఎండా లేదు, పూతా లేదు, అయినా కదల్లేకపోయాను. ఇలాంటివి ఇంకో పది ఉండి, పూసిన చెట్లు ఇరవై తగ్గించి ఉంటే నా మొదటి పోస్టు రాసేవాణ్ణి కాదు. ఒకే గదిలో అన్ని ఎర్ర చెట్లు పెట్టడం ఆ బొమ్మలకే అన్యాయం. ఒకదాని రంగు ఇంకోదాన్ని తినేస్తోంది. ఈ మాట మీద మాత్రం నేను వెనక్కి తగ్గను.

దారి సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను అక్కా. చెరువు బొమ్మలో దారి లేదు, చూశారా?

నీటిరంగులు
బుధవారం, రాత్రి 11:45

చూశాను. గట్టే ఉంది, అదీ బొమ్మ మధ్యలోనే తెగిపోతుంది. నా దగ్గర దానికి జవాబు లేదు. బొమ్మలు తగిలించిన తీరు గురించి నువ్వన్నది నిజం. తురాయి బొమ్మల మధ్య కనీసం ఒక ఖాళీ గోడ వదలాల్సింది.

కాన్వాసు
గురువారం, ఉదయం 9:10

ఖాళీ గోడ దొరకడం కష్టం హరీ, ఉన్న చోటులోనే అన్నీ చూపించాలని ఉంటుంది వాళ్ళకి. కానీ ఎరుపు పక్కన ఎరుపు పెట్టకూడదనేది మా పనిలో మొదట నేర్పే సంగతే. చెరువు బొమ్మని తీసుకెళ్ళి తురాయిల మధ్య పెడితే రెండూ బతికేవి.

బసవనగుడి_భాను
గురువారం, మధ్యాహ్నం 12:30

అందరం కలిసి వెళ్దామా? ఈ ఆదివారం పొద్దున్న లాల్‌బాగ్, టిఫిన్ అయ్యాక ప్రదర్శన. గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే వెస్ట్ గేటు దగ్గరే. పిల్లలు గుట్ట ఎక్కొచ్చు, ఆ రాయి వయసు 300 కోట్ల ఏళ్ళని చెప్తే నోరు తెరుస్తారు. మాస్టారూ, మీరొస్తేనే.

లక్ష్మి_వైట్‌ఫీల్డ్
గురువారం, మధ్యాహ్నం 12:50

మేము వస్తాం. బాబు బొమ్మ వేసుకోవచ్చా లోపల?

కాన్వాసు
గురువారం, మధ్యాహ్నం 1:05

పెన్సిల్‌తో వేసుకోవచ్చు, గేటు దగ్గర ఒక్క మాట అడిగితే చాలు. పెన్నులు, స్కెచ్ పెన్నులు, వాటర్ బాటిల్ లోపలికి రానివ్వరు. గట్టి అట్ట ఉన్న పుస్తకం తెచ్చుకోండి, గోడకి ఆనించి రాయకూడదు.

మొక్కలమాస్టారు
గురువారం, సాయంత్రం 5:40

తప్పకుండా వస్తాను. 7 గంటలకి వెస్ట్ గేటు లోపల ఉంటాను. ఇది మార్చి కాబట్టి పసుపు టబెబుయా, జకరండా రెండూ దొరుకుతాయి, కానుగ కొత్త చిగురు మెరుస్తూ ఉంటుంది. తురాయి ఇంకా మొగ్గే. కాబట్టి పిల్లలు తురాయి పువ్వు కోసం వెతకకుండా ముందే చెప్పండి. తోటపని గారూ, మీరు కూడా రావాలి. కోత మచ్చ ఏది సరైనదో ఏది కాదో చెట్టు దగ్గర నిలబెట్టి చూపించాలి. హరి గారూ, చెరువు గట్టు మీద ఆ బొమ్మ ఎక్కడ కూర్చుని వేశారో మనం కనిపెడదాం. నీడ పడిన వైపు చూస్తే వేళ కూడా తెలుస్తుంది అనుకున్నాను గానీ మబ్బు రోజు కదా, గట్టు వంపు పట్టుకునే వెతకాలి.

హరి_హెచ్‌ఎస్‌ఆర్
గురువారం, సాయంత్రం 6:15

వస్తున్నాను మాస్టారూ. బొమ్మలో కుడివైపు గట్టు లోపలికి వంగి ఉంది, వెనక ఒక ఎత్తయిన చెట్టు ఒంటరిగా ఉంది. ఆ రెండు గుర్తులూ రాసుకున్నాను.